సికందర్ ఎవరివాడు?

సికందర్ అని వినగానే తురకల పేరంటారు. ఆ పేరుకు మూలమైన అలెగ్జాండర్ క్రీ.పూ. 323లోనే చనిపోయాడు. ఇస్లాం వచ్చింది ఆ తర్వాత తొమ్మిది వందల ఏళ్లకు పైనే. మరి ఆ పేరు మాదెలా అయింది?

అతను గ్రీకువాడేనా అన్నది గ్రీకులకే పేచీ. అతని తండ్రి, మాసిడోనియా రాజు ఫిలిప్‌ను ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ గ్రీకువాడే కాదని ఈసడించాడు. కొడుకు గెలిచాక గ్రీకు నాగరికతకే ప్రతినిధి అయ్యాడు. క్రీ.పూ. 331లో ఈజిప్టు ఎడారిలోని సీవా గుడి పూజారి అతన్ని అమ్మోన్ దేవుడి కొడుకన్నాడు. చనిపోయాక నాణేల మీద అతని తలకు ఆ దేవుడి పొట్టేలు కొమ్ములొచ్చాయి. బతికుండగానే తనకు సాష్టాంగపడమన్నాడు. మనిషికి ఆ మర్యాద కూడదన్న కల్లిస్తనీస్, తర్వాత కుట్రదారన్న నింద మీద పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడు.

క్రీ.పూ. 330లో పెర్సెపోలిస్‌ను తగలబెట్టినందుకు జొరాస్ట్రియన్ గ్రంథాలు అతన్ని శపించాయి. ఫిర్దౌసీ షానామాలో మాత్రం అతను ఇరాన్ రాజు దారాబ్ కొడుకు. గెలిచినవాణ్ణి ఇంటివాణ్ణి చేసుకుంటే ఓటమి అంతగా బాధించదు కాబోలు!

ఖురాన్ 18వ సూరాలో జుల్‌ఖర్‌నైన్ ఉన్నాడు. అంటే రెండు కొమ్ములవాడు. అతను సికందరేనని చాలామంది వ్యాఖ్యాతలన్నారు. కాదు, సైరస్ అని మౌలానా ఆజాద్ వాదించారు. ఎవరైనా కానీ, అక్కడ అతను దేవుడు కాడు. కట్టిన గోడ ఘనతను కూడా ప్రభువు కరుణకే వదిలేస్తాడు. నాణెం మీద కొమ్ములు మనిషిని దేవుణ్ణి చేస్తే, ఇక్కడ కొమ్ములవాడు దేవుడి ముందు తల వంచాడు. మాకు నచ్చింది ఈ తేడానే.

కానీ సుల్తాన్‌లకు నచ్చింది వేరు. అల్లావుద్దీన్ ఖిల్జీ నాణేల మీద రెండో సికందర్ అని వేయించుకున్నాడు. ఆ పేరే మూడో నిజాం సికందర్ జాకు, అతని మీదుగా 1806లో సికింద్రాబాద్‌కు వచ్చింది. సికింద్రాబాద్‌కు టికెట్ కొనేటప్పుడు ఆ పేరు ఎవరికీ పరాయిదనిపించదు. అద్దె ఇల్లు అడగడానికి వచ్చిన సికందర్‌ను చూస్తేనే అనిపిస్తుంది.

మేం ఆ విజేతకు వారసులమని చెప్పుకోం. ఊళ్లను నేలమట్టం చేసినవాడి వారసత్వం మాకెందుకు? మేం అడుగుతున్నది ఒక్కటే. ఊరూరూ కొల్లగొట్టినవాడికి ఫిలిప్, అమ్మోన్, దారాబ్ - ముగ్గురు తండ్రులు దొరికారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే పంక్చర్లు వేసుకు బతికే మా సికందర్‌ను, తండ్రిది ఈ ఊరేనని రుజువు చూపమంటారెందుకు?