చర్చిలో అసలు చీలిక

దళిత క్రైస్తవ జీవితంపై వచ్చే మన కథల్లో మతమార్పిడి తరచు విముక్తిగానో, మోసంగానో తేలిపోతుంది. ఈ రెండూ చాలవని నా వాదం.

రెండవ వాటికన్ మహాసభ (1962-65) పూజను ప్రజల భాషలోకి తెచ్చింది. ఆ సంస్కరణలు సంప్రదాయద్రోహమంటూ ఫ్రెంచి ఆర్చిబిషప్ లెఫెవ్ర్ 1988లో పోపు అనుమతి లేకుండా నలుగురు బిషప్పులను అభిషేకించాడు. రోము దాన్ని చీలిక అన్నది, వెలివేసింది. కులవివక్షకు మాత్రం ఆ పేరు రాలేదు. 2016లో భారత కతోలిక బిషప్పుల సమాఖ్యే తన చర్చిలో అంటరానితనం ఉందని విధానపత్రంలో ఒప్పుకుంది.

మా చిత్తూరు కతోలికులు కడప మేత్రాసనం కిందివారు. అక్కడ గురువుగా పనిచేసిన పూల ఆంథోని 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఆహ్వానించదగిందే. కాని మహాసభ ముగిసి అప్పటికి 57 ఏళ్లు!

పూజలో తెలుగు వినబడినంత మాత్రాన మనుషులు ఒకటి కాలేదు. ఆ దూరాన్ని చూపని కథ సగం కథే.