పోగు ఎటు నడిస్తే బలం అటు

మగ్గం మీంచి దిగిన బట్టను పోగు వెంట లాగితే నిలబడుతుంది, ఐమూలగా లాగితే సాగుతుంది. ఆత్మకూరు, అమరచింత, గద్వాల నేతగాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. త్రీడీ ప్రింటర్‌లో గేరు చేసేవాడికి మాత్రం మొదటి పాఠం ఇదే.

పల్లీలు విత్తే ట్రాక్టర్ గొర్రులో గింజల్ని లెక్కగా వదిలే పళ్లేన్ని తిప్పే ఉక్కు గేరు విరిగిందనుకోండి. విడిభాగం వచ్చేదాకా పదును ఆగదు. అందుకే విరిగిన ముక్క చేతబట్టుకొని వచ్చినాయన "అచ్చం గిట్లనే ఇంకోటి చేసియ్యి సారూ" అంటాడు. అచ్చం అట్లనే చేస్తే అది నిలవదు.

ఉక్కుకు అన్ని దిక్కులా ఇంచుమించు ఒకే బలం. ప్రింటర్ గేరు పొర మీద పొర. పొరల మధ్య ప్లాస్టిక్ అంటుకోవడమే తప్ప, అందులో కలిపిన నార ఒక పొర నుంచి ఇంకో పొరకు దాటదు. అందుకే గేరును పడుకోబెట్టి ముద్రించాలి. నిలబెడితే కొన్ని పళ్లు మొదలు దగ్గరే పొరలుగా ఊడతాయి.

నైలాన్‌లో కలిపిన సన్నని కార్బన్ నార, నాజిల్ గీసే గీత వెంటే ఎక్కువగా పడుకుంటుంది. పంటి అంచు చుట్టూ గీతలెన్ని ఎక్కువైతే బలం అంత. పంటి సైజును చెప్పే కొలత మాడ్యూల్. మాడ్యూల్ 1 గేరులో, జత గేరుతో పళ్లు కలిసే పిచ్ వృత్తం దగ్గర పన్ను మందం 1.57 మి.మీ.; 0.4 మి.మీ. గీతలు నాలుగు కూడా పట్టవు. మాడ్యూల్ 2 చేస్తే ఏడు పడతాయి. కాబట్టి పళ్లు తక్కువ, లావు ఎక్కువ. అయితే 20 డిగ్రీల ప్రెషర్ యాంగిల్ ఉన్న మామూలు గేరుకు పళ్ల సంఖ్య 17 కంటే తగ్గితే పంటి మొదలు కోసుకుపోతుంది. పగులు పుట్టేదీ అక్కడే కనుక ఆ మూలను గుండ్రంగా తిప్పాలి.

1892లో విల్ఫ్రెడ్ లూయిస్ పంటిని ఒక కొసనే బిగించిన దూలంగా భావించి లెక్కకట్టాడు. ఆ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. అందులో వేసే బలం అంకె ఏ దిశలో కొలిచిందో అడగాలి, అంతే.

నైలాన్ తేమ తాగి ఉబ్బుతుంది, పళ్ల మధ్య కాస్త ప్లే వదలాలి. వేడి త్వరగా వదలదు, జతగా ఉక్కు గేరుంటే మేలు. కార్బన్ నార ఇత్తడి నాజిల్‌ను అరగదీస్తుంది, గట్టి ఉక్కుది పెట్టాలి.

యంత్రానికి కొదవ లేదు. 2023 మార్చిలో హైదరాబాద్‌లో నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ కూడా మొదలైంది. ఏది ఎక్కడ వాడాలన్న తెలివే కావాలి. జూరాల ప్రాజెక్టు గేట్లెత్తే యంత్రాలకు ఉక్కు పళ్లే ఉండాలి. గొర్రులో రాయి ఇరుక్కుంటే మాత్రం ఇరుసు వంగకముందే ప్రింటర్ పన్ను విరగాలి. అలా విరిగేటట్టు లెక్కవేయడమూ డిజైనే.