సాల్ట్ అనాలిసిస్: వరుసలోనే ఉంది పనితనం

ఇంటర్ రెండో ఏడాది కెమిస్ట్రీ ల్యాబ్‌లో ప్రతి విద్యార్థికీ చిటికెడు పొడి ఇస్తారు. అందులో ఉన్న ఆనయాన్ ఏదో, కాటయాన్ ఏదో తేల్చి రికార్డులో రాయాలి. ఎంపీసీ వాళ్లకూ బైపీసీ వాళ్లకూ ఇది తప్పదు. మార్కుల లెక్కలో చిన్న భాగమే కాబట్టి చాలాచోట్ల పరీక్షకు ముందు కొద్ది రోజుల్లో దీన్ని హడావుడిగా ముగిస్తారు. అది నాకు బాధ కలిగించే సంగతి. ఇంటర్ సైన్స్ సిలబస్ మొత్తంలో ఇంత చక్కగా అల్లిన పని మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

ఆనయాన్ పరీక్షలు కూడా అందమైనవే. నైట్రేట్ ఉందేమో చూడటానికి అప్పటికప్పుడు కలిపిన ఫెర్రస్ సల్ఫేట్ పోసి, పరీక్షనాళిక గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నెమ్మదిగా జారవిడుస్తారు. బరువైన ఆమ్లం అడుగుకు చేరుతుంది, రెండు ద్రవాలు కలిసేచోట గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. కానీ అవి విడివిడి పరీక్షలు. అసలు పనితనం కాటయాన్ గ్రూపుల పట్టికలో ఉంది.

పిల్లలు ఆ పట్టికను బట్టీ పడతారు. అమోనియంను ముందే విడిగా చూసేస్తారు. తర్వాత మొదటి గ్రూపుకు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రెండో గ్రూపుకు ఆ ఆమ్లంలోనే హైడ్రోజన్ సల్ఫైడ్. మూడుకు అమోనియం క్లోరైడ్, అమోనియం హైడ్రాక్సైడ్. నాలుగుకు మళ్లీ హైడ్రోజన్ సల్ఫైడ్. ఐదుకు అమోనియం కార్బొనేట్. చివర్న మెగ్నీషియం.

ఈ ‘మళ్లీ’ దగ్గర ఆగి చూడాలి. ఒకే వాయువు రెండు వేర్వేరు గ్రూపులను ఎలా పట్టిస్తుంది? హైడ్రోజన్ సల్ఫైడ్ బలహీన ఆమ్లం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న ద్రావణంలో అప్పటికే హైడ్రోజన్ అయాన్లు నిండుగా ఉంటాయి కాబట్టి అది దాదాపు విడిపోదు, సల్ఫైడ్ అయాన్లు అతి కొద్దిగానే వస్తాయి. ఇదే ఉమ్మడి అయాన్ ప్రభావం. కాపర్‌కు ఆ కొద్దీ చాలు. కాపర్ సల్ఫైడ్ ద్రావణీయతా లబ్ధం 10కి మైనస్ 36వ ఘాతం ప్రాంతంలో ఉంటుంది, జింక్ సల్ఫైడ్‌ది మైనస్ 24 ప్రాంతంలో. మధ్య తేడా లక్ష కోట్ల రెట్లు. అందుకే కాపర్ నల్లగా దిగిపోతే జింక్ ద్రావణంలోనే ఉండిపోతుంది. నాలుగో గ్రూపుకు వచ్చేసరికి అమోనియా ఆ హైడ్రోజన్ అయాన్లను లాగేసుకుంటుంది, సల్ఫైడ్ పెరుగుతుంది, అప్పుడు జింక్ తెల్లగా బయటపడుతుంది. వరుస తారుమారు చేసి అమోనియా ఉన్న ద్రావణంలోకే ముందుగా వాయువు పంపితే కాపరూ జింకూ కలిసే దిగుతాయి, ఏది ఏదో చెప్పలేం.

మూడో గ్రూపులో ఇంకా సున్నితమైన జాగ్రత్త ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఫెర్రిక్ అయాన్‌ను ఫెర్రస్‌గా మార్చేస్తుంది. ఫెర్రస్ హైడ్రాక్సైడ్ ఇక్కడ పూర్తిగా అవక్షేపించదు. అందుకని ముందు ద్రావణాన్ని మరిగించి వాయువును తరిమేసి, కాస్త గాఢ నైట్రిక్ ఆమ్లం వేసి మళ్లీ వేడి చేస్తారు. రెండో మెట్టు దగ్గర జరిగిన మార్పును మూడో మెట్టు ఎక్కకముందే సరిదిద్దడమన్నమాట. ఈ పద్ధతిని తీర్చిన వాళ్లకు ఒక్కో చర్య వెనకా ముందూ ఏం జరుగుతుందో ఎంత బాగా తెలుసో ఆ ఒక్క చుక్కలో కనిపిస్తుంది.

లెడ్ సంగతి మరో ముచ్చట. లెడ్ క్లోరైడ్ చల్లటి నీళ్లలో కూడా లీటరుకు దాదాపు 10 గ్రాములు కరుగుతుంది. కాబట్టి మొదటి గ్రూపులో కొంత దిగి, మిగిలింది రెండో గ్రూపులోకి జారుతుంది. పట్టిక దాన్ని దాచకుండా రెండుచోట్లా రాసుకుంది. పైగా ఆ బలహీనతనే నిర్ధారణకు వాడుకుంది. మరిగే నీళ్లలో అవక్షేపం కరిగిపోతుంది, చల్లారితే తెల్లటి సూదుల్లా తిరిగి వస్తుంది. పొటాషియం అయోడైడ్ కలిపితే పసుపుపచ్చటి అవక్షేపం. దాన్నీ వేడినీళ్లలో కరిగించి చల్లారనిస్తే బంగారు రేకుల్లాంటి పలుకులు నాళికలో తళతళలాడుతూ కిందికి దిగుతాయి.

ఈ వరుసను ఒక్కరే కనిపెట్టలేదు. దాన్ని విద్యార్థులు పట్టుకుని నడిచేలా తీర్చిన వాళ్లలో ముఖ్యుడు జర్మనీకి చెందిన కార్ల్ రెమీగియస్ ఫ్రెసేనియస్. 1841లో తన గుణాత్మక విశ్లేషణ పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయన వయసు 22. తర్వాత గీసెన్‌లో రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసి, 1848లో వీస్‌బాడెన్‌లో సొంత ప్రయోగశాల పెట్టాడు. 1844లో డెల్ఫ్ట్‌కు చెందిన కిప్ తయారుచేసిన గాజు పరికరం హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టించే పనికి గొప్ప తోడైంది. మధ్య బుడ్డిలో ఐరన్ సల్ఫైడ్ ముక్కలు, పై బుడ్డి నుంచి అడుగుదాకా దిగే గొట్టంలో ఆమ్లం. కుళాయి కట్టేస్తే లోపల పేరుకున్న వాయువే ఆమ్లాన్ని ముక్కల నుంచి కిందికి నెట్టేస్తుంది, చర్య తనంతట తానే ఆగుతుంది. విషవాయువును కావలసినప్పుడే, కావలసినంతే పుట్టించే ఏర్పాటు అది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది కాలక్రమం. అరీనియస్ అయాన్ల సిద్ధాంతం 1880లలో వచ్చింది, నెర్న్‌స్ట్ ద్రావణీయతా లబ్ధం 1889లో. ఈ పరీక్షలన్నిటినీ అయాన్ల భాషలో విడమరిచిన ఓస్ట్‌వాల్డ్ పుస్తకం 1894 నాటిది. అంటే కారణం తెలియడానికి అర్ధ శతాబ్దం ముందే, కేవలం చేతి అనుభవంతో, కంటి పరిశీలనతో వరుస కుదిరిపోయింది!

మన దగ్గర మాత్రం ఉమ్మడి అయాన్ ప్రభావం మొదటి ఏడాది పాఠం, సాల్ట్ అనాలిసిస్ రెండో ఏడాది ప్రాక్టికల్. మధ్యలో ఏడాది గడిచిపోతుంది. ఈఏపీసెట్, నీట్ బిట్ల కోసం లబ్ధాల లెక్కలు వేగంగా చేసే పిల్లలకు కూడా ఆ లెక్కే ఈ పట్టికను నడుపుతోందని చెప్పేవాళ్లు తక్కువ.

ఈ రెంటినీ కలపడం కష్టమేమీ కాదు. రెండు నాళికల్లో మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం తీసుకుని, ఒకదానిలో ముందుగా అమోనియం క్లోరైడ్ ధారాళంగా వేసి, తర్వాత రెండింటిలోనూ అమోనియం హైడ్రాక్సైడ్ పోయాలి. ఒకటి తెల్లబడుతుంది, రెండోది తేటగా ఉంటుంది. మూడో గ్రూపులో మెగ్నీషియం దిగకుండా చివరిదాకా ఎలా మిగులుతుందో పిల్లలు కళ్లారా చూస్తారు. దీనికి హైడ్రోజన్ సల్ఫైడూ అక్కర్లేదు, కిప్ పరికరమూ అక్కర్లేదు. ఉమ్మడి అయాన్ పాఠం చెప్పే రోజునే, ఆ పీరియడ్‌లోనే చేయించవచ్చు.