తొలి శిబిరంలో ఏం ఆడాలి?

పిల్లలను మొదటిసారి క్యాంపింగ్‌కు తీసుకెళ్దామనుకునే తల్లిదండ్రులకు ముందుగా వచ్చే సందేహం ఒకటే. ఫోన్ సిగ్నల్ కూడా లేని చోట పొద్దస్తమానం వీళ్లకు కాలక్షేపం ఎలా? స్కౌట్ ఉద్యమం దగ్గర దీనికి నూరేళ్లు దాటిన జవాబు ఉంది. పిల్లలకు కాలక్షేపం వెతకొద్దు, పని అప్పజెప్పండి. ఆ పనినే ఆటగా మలచండి.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, పూల్ రేవులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవి ఉంది. 1907 ఆగస్టు మొదటి వారంలో స్కౌట్ ఉద్యమానికి ఆద్యుడైన రాబర్ట్ బేడెన్ పవెల్ సుమారు 20 మంది అబ్బాయిలతో అక్కడ శిబిరం నడిపాడు. వాళ్లలో ఈటన్, హారో వంటి పెద్దింటి బళ్లలో చదివేవారూ ఉన్నారు, పనివాళ్ల పిల్లలూ ఉన్నారు. అందరినీ కలిపి నాలుగు దళాలు చేసి, ఒక్కో దళానికి ఒక్కో కుర్రవాడిని నాయకుడిగా పెట్టాడు. స్కౌట్లు ప్యాట్రోల్ పద్ధతి అనేది దీన్నే. ఆ ఉద్యమం మన దేశానికి వచ్చిన తొలినాళ్లలో భారతీయ పిల్లలను చేర్చుకోలేదు. అందుకే 1916లో అనీబిసెంట్ మద్రాసులో వేరే సంఘం పెట్టారు. తర్వాత దేశంలోని స్కౌట్ సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మన బడుల్లో మెడకు స్కార్ఫ్ కట్టుకుని కనిపించే పిల్లలు ఆ పరంపరలోని వాళ్లే.

తొలి శిబిరానికి కిమ్స్ గేమ్‌తో మొదలుపెట్టడం మేలు. కిప్లింగ్ 1901లో రాసిన 'కిమ్' నవలలో, సిమ్లాలోని ఒక రత్నాల దుకాణంలో పిల్లవాడికి నేర్పే ఆట ఇది. పళ్లెంలో ఓ పాతిక వస్తువులు పెట్టండి: తాళంచెవి, చింతగింజ, పిన్నీసు, బొత్తాం, పక్షి ఈక, రూపాయి బిళ్ల. ఒక్క నిమిషం చూడనిచ్చి తువ్వాలు కప్పేయండి. గుర్తున్నవన్నీ పిల్లలు కాగితం మీద రాయాలి. మొదటిసారి పెద్దవి గుర్తుంటాయి, చిన్నవి జారిపోతాయి. ఇనుపవి ఒక జట్టు, గింజలు ఒక జట్టు అని మనసులో విడదీసుకోవడం నేర్పి రెండోసారి ఆడించండి, తేడా వాళ్లకే తెలుస్తుంది. మూడోసారి పళ్లెంలో చుట్టుపక్కల రాలిన ఆకులే పెట్టండి. కళ్లకు గంతలు కట్టి, తడిమి చెప్పమనండి. టేకు ఆకు గరుకుగా తగులుతుంది. లేతాకును వేళ్ల మధ్య నలిపితే ఎర్రటి రంగు అంటుతుంది. ఆ ఎరుపు చూసిన పిల్లలు టేకు చెట్టును ఇక మరచిపోరు.

రెండోది జాడ పట్టే ఆట. ఒక దళం పావుగంట ముందు బయలుదేరి, బాటకు కుడివైపునే గుర్తులు పెట్టుకుంటూ పోతుంది. గులకరాళ్లతో బాణం పేరిస్తే ఇటు రమ్మని. రెండు పుల్లలు అడ్డంగా వేస్తే ఇటు రావద్దని. గడ్డి పరకలు ముడివేసి ఒక పక్కకు వంచితే అటు మళ్లమని. వృత్తం గీసి మధ్యలో చుక్క పెడితే ఆట ముగిసింది, ఇంటికి వెళ్లిపోయామని. 1941లో కన్నుమూసిన బేడెన్ పవెల్ సమాధి కెన్యాలోని న్యేరిలో ఉంది. దాని మీద చెక్కింది ఈ వృత్తమూ చుక్కే. వెనక వచ్చే దళం గుర్తులు చదవడమే కాదు, చదివినవాటిని చెరిపేస్తూ రావాలి. తాము వచ్చి వెళ్లిన ఆనవాలు అడవిలో మిగలకూడదన్న మర్యాద అలా ఆటలోనే అబ్బుతుంది.

ఇక ముడులు. కుడి కొస ఎడమ కొస మీదుగా, తర్వాత ఎడమది కుడి మీదుగా వేస్తే రీఫ్ నాట్ బల్లపరుపుగా కూర్చుంటుంది. కట్టు కట్టడానికి పనికొస్తుంది. రెండుసార్లూ ఒకే వైపు నుంచి వేస్తే జారిపోయే ముడి పడుతుంది. కర్రకు తాడు బిగించే క్లోవ్ హిచ్ ముడి వచ్చిన పిల్లలకు మూడు కర్రలు, ఒక తాడు ఇచ్చి చేతులు కడుక్కునే గిన్నెకు ముక్కాలి స్టాండు కట్టమనండి. అది నిలబడాల్సిందే తప్ప మార్కులు వేయనక్కర్లేదు.

వంటలో పాత్రలు లేకుండా వండటమే సరదా. గోధుమపిండి ముద్దను తాడులా సాగదీసి, బెరడు తీసిన వేప పుల్లకు చుట్టి నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. చిలగడదుంపలను నిప్పుల్లో పూడిస్తే చాలు. వంట చేయాల్సింది మంట మీద కాదు, నిప్పుల మీద. ఆగలేని పిల్లలకు పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఓపిక పట్టడం అక్కడ వంటే నేర్పుతుంది.

చీకటి పడ్డాక ఆకాశం ఉంది. వేసవి మొదట్లో అయితే సాయంత్రమే సప్తర్షి మండలం కనబడుతుంది. డిసెంబరులో తెల్లవారుజామున లేవాలి. ఆ మండలంలోని పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, ఆ రెంటి మధ్య దూరానికి అయిదు రెట్లు సాగదీస్తే ధ్రువుడు దొరుకుతాడు. ఏ ఊరి అక్షాంశం ఎంతో, అక్కడ ధ్రువుడు దిగంతానికి దాదాపు అంత ఎత్తులో ఉంటాడు. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు. హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు కాబట్టి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. పిల్లలు తామున్న చోటు అక్షాంశాన్ని సొంత పిడికిలితో కొలుచుకోగలరు. వశిష్ఠుడి పక్కన అరుంధతిని వెతకడం కంటిచూపుకు పరీక్ష.

క్యాంప్‌ఫైర్‌కూ ఒక వరుస ఉంది. మంట ఎగసేటప్పుడు కేకలు, చప్పట్లు, పొట్టచెక్కలయ్యే నాటికలు. మంట తగ్గేకొద్దీ నెమ్మదైన పాటలు. నిప్పులు మిగిలాక ఒక కథ. కార్యక్రమం నిప్పును అనుసరిస్తే గంతులేసిన పిల్లలు వాళ్లంతట వాళ్లే నిద్రకు సిద్ధమవుతారు. అయితే రిజర్వ్ ఫారెస్టులో, అభయారణ్యాల్లో నిప్పు రాజేయడం నేరం. అనుమతి ఉన్న చోటే వెలిగించాలి. నీళ్లు పోసి, బూడిద కలిపి, మళ్లీ పోసి, వేడి లేదని తేల్చుకున్నాకే లేవాలి. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది కనుక టెంట్ జిప్ పూర్తిగా వేయాలి. తేళ్లు దూరతాయి కనుక పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోవాలి. ఈ తనిఖీ కూడా ఒక దళానికి అప్పజెప్పండి.

ఈ ఆటల విలువ వాటిని ఎవరు నడుపుతారన్న దాంట్లో ఉంది. ముడి జారితే విప్పి మళ్లీ కట్టేది పిల్లలే, జాడ తప్పితే వెనక్కి వచ్చి వెతికేదీ వాళ్లే. నిప్పు, నీరు, చీకటి ఉన్న చోట పెద్దలు కాపలా ఉండాలి. మిగతా చోట్ల చేతులు కట్టుకుని కూర్చోవాలి. టెంట్ వంకరగా నిలబడితే నిలబడనివ్వండి. పదేళ్ల పిల్ల నలుగురికి పని పంచి, గొడవ తీర్చి, వేళకు అన్నం పెట్టించగలిగితే ఆమెను నమ్మవచ్చని మనకు తెలుస్తుంది, ఆమెకూ తెలుస్తుంది. అందుకే తొలి శిబిరానికి ఏం సర్దాలి అన్న జాబితా మీరు రాయకండి. కాగితం, పెన్సిలు వాళ్లకే ఇవ్వండి.