తారుమారైన రెండు కాగితాలు

మాకు తెలిసిన ఒక గోండు అమ్మాయి యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. కొత్తగా మెస్రం వంశానికి కోడలైంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ అక్కడే చేస్తారు. అది కాకపోతే ఆమె ఆ వంశంలో కలిసినట్టు కాదు. అందుకని వెళ్లింది. పది రోజుల క్లాసులు పోయాయి, హాజరు 75 శాతం కిందికి పడింది. తిరిగొచ్చేసరికి మెమో సిద్ధంగా ఉంది. అందులో కారణం అడగలేదు, 'క్రమశిక్షణ లేదు' అని మాత్రం ఉంది.

అదే అమ్మాయి ఆ తర్వాత ఒక ఫిర్యాదు ఇచ్చింది. హాస్టల్ గదిలో తోటివాళ్లు తన యాసను ఎక్కిరిస్తున్నారని, కోటా సీటు అని రోజూ పొడుస్తున్నారని రాసింది. దాని మీద ఒక సారు రాసిన మాట ఇది: 'హాస్టల్‌కు సర్దుకోలేకపోతోంది, కౌన్సెలింగ్ అవసరం.'

ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాకు ఒక సంగతి అర్థమైంది. ఆమె కష్టాన్ని తప్పుగా రాశారు. ఆమెకు జరిగిన తప్పును ఆమె మనసు బలహీనతగా రాశారు. ప్రవర్తనకు ఒక ఫైలు, క్షేమానికి ఒక ఫైలు ఉండటాన్ని మేము తప్పుపట్టం. మన పిల్లల విషయంలో ఆ రెండూ తారుమారవుతున్నాయన్నదే ఈ వ్యాసంలో మా విమర్శ.

మొదటి తారుమారు ఎలా జరుగుతుందో చూద్దాం. మాలో చాలామంది ఇళ్లలో తాతనైనా, ఊరి పెద్దనైనా 'నువ్వు' అనే పిలుస్తాం. అందులో అమర్యాద లేదు. ఆ అలవాటుతో ఒక కుర్రాడు ప్రొఫెసర్‌ను 'నువ్వు ఎప్పుడు ఉంటావు సార్' అని అడిగితే అది పొగరవుతుంది. పెద్దలు మందలిస్తుంటే తల దించుకుని మాట్లాడకుండా నిలబడటం మనలో చాలామందికి ఇంట్లో నేర్పిన పద్ధతి. శాఖ గదిలో అది మొండితనం అవుతుంది. స్కాలర్‌షిప్ డబ్బు నెలలు గడిచినా రాదు, మెస్ బిల్లు పెరిగిపోతుంది, పిల్లవాడు వార్డెన్‌కు ఎదురుపడకుండా తిరుగుతాడు. అది ఎగవేత అవుతుంది. వీటిలో ఒక్కటి కూడా తప్పు కాదు. ఒక్క ప్రశ్న అడిగితే విషయం తెలిసేది.

పైగా ఆశ్రమ పాఠశాల, గురుకులం దాటి వచ్చిన పిల్లల్లో చాలామందికి చిన్నప్పుడే ఒక పాఠం ఒంటికి పట్టింది. నోరు విప్పితే టీసీ చేతిలో పెడతారన్నదే ఆ పాఠం. యూనివర్సిటీకి వచ్చినా అది పోదు. అందుకే వాళ్లు చెప్పరు. చెప్పనివాడికి బాధ లేదని అనుకోవడం మాష్టార్లు చేసే మొదటి పొరపాటు.

రెండో తారుమారు ఇంకా ప్రమాదం. 2019 మే 22న ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ ప్రాణం తీసుకుంది. ఆమె తడ్వీ భిల్లు ఆదివాసీ, పీజీ వైద్య విద్యార్థిని. కులం పేరుతో వేధించారని ముగ్గురు సీనియర్ డాక్టర్ల మీద కేసు నమోదైంది. ముందే చెప్పినా పట్టించుకోలేదని ఆమె కుటుంబం అన్నది. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చదువుతున్న లంబాడా బిడ్డ డాక్టర్ ప్రీతిని పోగొట్టుకున్నాం. సీనియర్ వేధింపులే కారణమని కుటుంబం ఆరోపించింది. ర్యాగింగ్ నిరోధక చట్టం, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసులు కేసు పెట్టారు. కోర్టుల తీర్పు కోర్టులు చెబుతాయి. మా ప్రశ్న మాష్టార్లకు. వేధింపు అన్న మాట విన్న రోజు దాన్ని ఏ ఫైలులో పెట్టాలి? ఇద్దరి మధ్య పడటం లేదనుకుని రాజీ చెయ్యాలా, లేక జరిగిందేమిటో విచారించాలా?

క్రమశిక్షణ ఫైలు ఒంటరిగా నడిస్తే ఏమవుతుందో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూపించింది. విద్యార్థి సంఘాల గొడవ పేరుతో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి పంపేశారు. వారిలో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని చివరి ఉత్తరంలో రాశాడు. ఊళ్లో ఇల్లున్న పిల్లవాడికి హాస్టల్ పోతే గది పోతుంది. మన పిల్లలకు కూడు, నిద్ర, చదువు మూడూ ఒకేసారి పోతాయి. శిక్ష రాసే చెయ్యి ఈ లెక్క వెయ్యదు.

నిబంధనలు లేక ఇలా జరగడం లేదు. ర్యాగింగ్ మీద యూజీసీ నియమాలు 2009 నుంచి ఉన్నాయి. కులం, తెగ, భాష, పుట్టిన చోటు పేరుతో అవమానించడం, వెలివేయడం కూడా ర్యాగింగేనని 2016లో వాటికి చేర్చారు. వివక్ష ఫిర్యాదుల కోసం సమాన అవకాశాల విభాగం, ఒక అధికారి ఉండాలని 2012 నియమాలు చెప్పాయి. అవి అమలు కావడం లేదని రోహిత్ తల్లి రాధిక వేముల, పాయల్ తల్లి ఆబేదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద జాతీయ కార్యదళాన్ని సుప్రీంకోర్టు 2025 మార్చిలో వేసింది. ఇన్ని కాగితాలున్నా, పిల్లవాడు మొదట తలుపు తట్టేది తనకు పాఠం చెప్పే మాష్టారు గదినే. కాబట్టి అక్కడ జరిగేదే అసలు సంగతి.

ఆ గదిలో ఏం జరగాలి? మాలో పాఠాలు చెబుతున్నవాళ్లం మా అనుభవంతో చెబుతున్నాం. మెమో రాయకముందు పిలిచి కూర్చోబెట్టండి, నలుగురి ఎదుట కాకుండా. 'ఎందుకు రాలేదు' అనకుండా 'ఏం జరిగింది' అని అడగండి. వెంటనే జవాబు రాకపోతే ఆగండి. తిండి, డబ్బు, ఇంటి సంగతి అడగండి. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వినపడినా తప్పుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, అడిగేవాళ్లున్నారని ధైర్యం వస్తుంది. ఆ రోజు పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి. 'కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు' అని చీటీ రాసి పంపకుండా వెంట వెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416 ఏ వేళయినా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరికీ చెప్పనని ముందే మాట ఇవ్వకండి. ప్రాణం మీదికొస్తే చెప్పాల్సి ఉంటుంది, ఆ సంగతి పిల్లవాడికి ముందే చెప్పండి.

వేధింపు గురించి ఫిర్యాదు వస్తే కాగితం తీసుకుని, అందినట్టు సంతకం చేసి ఇవ్వండి. వేధించినవాణ్ణీ వేధింపు పడినవాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపించకండి. పిల్లవాడికి కౌన్సెలింగ్ కావాలంటే ఇప్పించండి, కానీ దాని పేరు చెప్పి విచారణ ఆపకండి. మన పిల్లవాడి మీదే ఆరోపణ ఉంటే, అదేమిటో రాతలో ఇచ్చి, జవాబుకు గడువు ఇచ్చి, తోడుగా ఒకరిని రానివ్వండి. హాస్టల్ తీసెయ్యడం మొదటి శిక్ష కాకూడదు.

మాష్టార్ల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. శాఖల్లో ఖాళీలు, గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ, ఒక్కో మెంటార్‌కు లెక్కకు మించిన పిల్లలు. మాష్టారు డాక్టరు కాదు, పోలీసూ కాదు. కానీ అడగడానికి, వినడానికి, సరైన చోటికి చేర్చడానికి ఆ రెండూ కానక్కర్లేదు.

మన వైపు కూడా చూసుకోవాలి. మన పిల్లలు చేసే ప్రతి తప్పు వెనకా బాధే ఉందని మేము వాదించడం లేదు. తాగొచ్చి తోటివాణ్ణి కొట్టిన మనవాణ్ణి ఆదివాసీ అని వెనకేసుకొస్తే, దెబ్బలు తిన్న ఇంకో ఆదివాసీ పిల్లవాడి నోరు మనమే మూసినట్టు. గురుకులాల్లో చిన్నపిల్లలను సతాయించే పెద్దపిల్లలు మనవాళ్లే. ఉద్యోగం వచ్చాక తెగ పేరు దాచుకుని, పిల్లలు గదికొస్తే చూపు తిప్పుకునే మాష్టార్లలోనూ మనవాళ్లున్నారు. 'మేమూ అన్నీ పడే వచ్చాం, నువ్వూ పడు' అనేవాళ్లు ఇంకా ఎక్కువ. అలా అన్న రోజున మనం కూడా ఆ తారుమారు కాగితాల మీద సంతకం పెట్టినట్టే.

విజయనగరం వైపు ఒక గిరిజన విశ్వవిద్యాలయం, ములుగులో సమ్మక్క సారక్క పేరుతో ఇంకొకటి వచ్చాయి. గోడ మీద మన దేవతల పేరుంటే సంతోషమే. అక్కడ పాఠం చెప్పేవాళ్లు జాతరకు వెళ్లొచ్చిన పిల్లను 'దర్శనం బాగా అయిందా, పోయిన పాఠాలు ఎప్పుడు చెప్పమంటావు' అని అడగగలగాలి. ఆ రోజు అది మన విశ్వవిద్యాలయం అవుతుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఫిర్యాదు రాస్తే ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. బాధ కలిగితే ఒక్కరికైనా చెప్పండి. ఆ అమ్మాయి తన రెండు కాగితాలూ దాచుకుని మాకు చూపించింది కాబట్టే ఈ నాలుగు మాటలు రాయగలిగాం. ఆమె ఇప్పుడు చివరి సెమిస్టర్ చదువుతోంది.