తేలని తప్పు

పాలల్లో నీళ్లెక్కువయ్యాయనిపిస్తే పాలవాణ్ణి ఆ పూటే నిలదీస్తాం కదూ! అతను చెప్పింది విని, ఉంచడమో మాన్పించడమో తేల్చేస్తాం. అదే ఎనిమిదేళ్లు ఊరుకుని అడిగామనుకోండి, "ఏ పాలమ్మగారూ?" అంటాడు. అతని తప్పేముంది?

గవర్నమెంటువారు తమ ఉద్యోగిని సరిగ్గా అలాగే అడిగిన సందర్భం ఒకటుంది. హైదరాబాదు నగరపాలక సంస్థలో భవన నిర్మాణాల అక్రమాలమీద అవినీతి నిరోధక శాఖ 1987లో నివేదిక ఇచ్చింది. ఒకరి తర్వాత ఒకరుగా విచారణాధికారుల్ని వేశారు. చూడవలసినవన్నీ ఆఫీసు కాగితాలే. అయినా ఏమీ తేలలేదు. ఒక అసిస్టెంటు సిటీ ప్లానరుకు 1995 జూలైలో మళ్లీ చార్జిమెమో ఇచ్చారు. నాలుగు ఆరోపణలుంటే మూడింటితో ఆయనకు సంబంధమే లేదు! మరో పదిమందిమీద కూడా అక్షరం మారకుండా అవే ఆరోపణలు. ట్రిబ్యునలు ఆ మెమోను కొట్టేసింది. 1998లో సుప్రీంకోర్టు అదే సబబంది.

విచారణ వద్దని నేననను. మెమో, సంజాయిషీ, విచారణ ఇవన్నీ ఉద్యోగికి రక్షణే. నా గొడవల్లా ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య ఫైలు నిద్రపోయే ఏళ్ల గురించి. సస్పెన్షనులో మొదట చేతికొచ్చేది సుమారు సగం జీతం. ఇంటద్దె, పిల్లల ఫీజులు సగానికి తగ్గవు కదా! కేసు తేలకుండా రిటైరయితే మామూలుగా గ్రాట్యుటీ ఆగిపోతుంది. పిల్లకు సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్లు ముందు ఆరా తీసేది ఆ కేసు సంగతే. ఆయన నిర్దోషి అని చివరికి తేలినా, ఆ ఇల్లాలు పడ్డ శిక్షను ఎవరు రద్దు చేస్తారు?

పోనీ, నిజంగా లంచం తిన్నవాడికైనా శాస్తి జరుగుతుందా అంటే, అదీ లేదు. సాక్షులు బదిలీ అవుతారు, కాగితాలు కనబడవు. చివరికి ఆ ఆలస్యాన్నే అడ్డుపెట్టుకుని అతను బయటపడవచ్చు.

ఇలాంటి విచారణ వీలైనంతవరకు ఆరు నెలల్లో ముగించాలనీ, తప్పనిసరైనా ఏడాది దాటకూడదనీ 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట చెప్పించిన కేసులో విచారణకు తొమ్మిదేళ్లకు పైగా పట్టింది! గడువు పెడితే చాలదు. గంట ఆలస్యంగా వచ్చిన గుమాస్తాను సంజాయిషీ అడుగుతారే, ఫైలును ఏళ్ల తరబడి తొక్కిపెట్టిన అధికారిని కూడా అడగాలి. అదీ, ఆయన రిటైరయ్యేలోగా!