బోర్డు పలకనప్పుడు

మిరప తోటకు తడి పెట్టడానికి రాత్రిపూట చేలగట్ల మీద పడి నడవకుండా, అరుగు మీద కూర్చునే బోరు మోటారుకు రింగ్ ఇచ్చే రైతులు మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇప్పుడు కనిపిస్తున్నారు. పుణె ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్ ‘నానో గణేష్’ పేరుతో ఈ దారి ఎప్పుడో వేశారు. అలాంటి స్టార్టరు పెట్టె తామే చేద్దామని ఇక్కడి ఇంజినీరింగ్ పిల్లలు ఆర్డుయినో యూనో, సిమ్800ఎల్ మాడ్యూలు, ఓ రిలే కొనుక్కొస్తారు. పత్తి, మిరప చేలల్లో తిరిగి పెరిగిన పిల్లలు. ఆ పెట్టె ఎవరికి అక్కరో వాళ్లకు తెలుసు. అందుకే వాళ్ల పని మధ్యలో ఆగిపోతే నాకు బాధగా ఉంటుంది.

ఆగేది చాలాసార్లు ఒకే చోట. ప్రోగ్రాం ఎక్కించబోతే తెర మీద ‘నాట్ ఇన్ సింక్’ అంటూ వరసగా పది లైన్లు పడతాయి. ‘బోర్డు పోయింది సార్’ అంటారు. తొందరపడొద్దు. కంప్యూటరు పిలిచింది, సరైన జవాబు రాలేదు. ఆ లైన్ల అర్థం అంతవరకే. అసలు పోర్టు పేరే జాబితాలో లేకపోతే అది వేరే సంగతి: కేబుల్ చార్జింగుకే పనికొచ్చే రకమై ఉండాలి, లేదా చవక బోర్డుల మీద ఉండే సీహెచ్340 చిప్పుకు డ్రైవరు వేసి ఉండరు. పోర్టు కనిపిస్తూ కూడా జవాబు రాకపోతేనే అసలు వెతుకులాట.

స్టార్టరు కట్టేవాళ్లను ఎక్కువగా సతాయించేది 0, 1 నంబరు పిన్నులు. యూనో కంప్యూటరుతో మాట్లాడేది వాటి మీదే. సిమ్ మాడ్యూలు వైర్లు కూడా తెచ్చి అక్కడే గుచ్చుతారు. కంప్యూటరు వైపు నుంచి వచ్చే దారిలో 1 కిలో ఓమ్ రెసిస్టరు ఉంది. మాడ్యూలు వైరు మాత్రం నేరుగా పిన్నుకు తగిలింది. మాడ్యూలు ఊరికే ఉన్నప్పుడు ఆ గీతను పై వోల్టేజి దగ్గరే పట్టి ఉంచుతుంది. దాన్ని సున్నాకు లాగడానికి రెసిస్టరు వెనకున్న కంప్యూటరుకు బలం చాలదు. యూనో ప్రధాన చిప్పుకు పిలుపే వినపడదు. వైరు పీకి, ప్రోగ్రాం ఎక్కించి, మళ్లీ పెట్టుకోవచ్చు. మాడ్యూలును వేరే పిన్నులకు మార్చి సాఫ్ట్‌వేర్ సీరియల్ వాడటం ఇంకా మేలు.

ఆర్డుయినో నానో బోర్డుల్లో చిక్కు వేగంతో. చిప్పులో ఉండి ప్రోగ్రాంను అందుకునే బూట్‌లోడరు పాతదైతే సెకనుకు 57,600 బిట్లు, కొత్తదైతే 1,15,200. జోడెద్దులు ఒకే నడక నడిస్తేనే గొర్రు సాలు తప్పదు, ఇదీ అంతే. మెనూలో ‘ఓల్డ్ బూట్‌లోడర్’ ఎంచుకుంటే చాలు, ‘పోయిన’ బోర్డులు బతుకుతాయి. సీరియల్ మానిటర్లో పిచ్చి అక్షరాలు వచ్చినా, ప్రోగ్రాంలో రాసిన వేగమూ మానిటర్ వేగమూ ఒకటేనా అని ముందు చూడాలి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పరీక్ష ఒకటుంది. యూనోకు తగిలించినవన్నీ విప్పేయండి. రీసెట్ పిన్నును గ్రౌండుకు కలపండి. ప్రధాన చిప్పు కదలకుండా ఉంటుంది. 0, 1 పిన్నులను ఒక జంపర్ వైరుతో కలిపి, మానిటర్ తెరిచి ఒక అక్షరం పంపండి. అదే అక్షరం తిరిగొస్తే డ్రైవరు, కేబుల్, యూఎస్‌బీ చిప్పు బాగున్నట్టే. తేడా అవతలి సగంలో ఉంది: రీసెట్ అందడం లేదు, బూట్‌లోడరు చెడింది, లేదా చిప్పే పోయింది. తిరిగి రాకపోతే ఇవతలి సగంలో వెతకాలి. ఇంత చేయకుండా కేబులూ బోర్డూ డ్రైవరూ ఒకేసారి మార్చేస్తే, పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు. రేపు చేను గట్టున అదే పెట్టె మొరాయిస్తే దిక్కుతోచదు.

ల్యాబులో పలికి పొలంలో పలకని పెట్టెలకు మాత్రం నేను ముందుగా చూసేది కరెంటు సరఫరా. సిగ్నలు పంపే క్షణంలో సిమ్800ఎల్ 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. యూనో అంత ఇవ్వలేదు. విడిగా సరఫరా ఇచ్చి, గ్రౌండు మాత్రం రెంటికీ కలపాలి.

చౌడవరం, వడ్లమూడి, నంబూరు, బాపట్ల కాలేజీల్లో ల్యాబు నడిపే మాస్టార్లకు ఒక విన్నపం. ఆ జంపర్ పరీక్ష మొదటి వారమే పిల్లల చేత చేయించండి. ప్రాజెక్టు పనిచేసినందుకు ఇచ్చే మార్కుల్లో కొన్ని, తప్పు ఎక్కడుందో పట్టుకున్న తీరుకు వేయండి.